పచ్చ చుక్క, ఎడమ తోక

కన్నవాళ్ళు పెట్టిన పేరు ఆవిడకి ఒకటి ఉంది గానీ, ఆ పేరుతో పిలిచే మనుషులు ఒక్కొక్కరే పోయాక అది కరెంటు బిల్లు మీద మాత్రమే మిగిలింది. వీధిలో అందరికీ ఆవిడ ఎర్రమ్మ. మనిషి ఎరుపూ కాదు, కళ్ళెర్రజేసే రకమూ కాదు. ఆ పేరు సీడీ ప్లేయర్ల ఫ్యాక్టరీలో పుట్టింది. ఫ్యాక్టరీ మూతపడి ఇరవై ఆరేళ్ళయింది. పేరుకి మాత్రం ఎవరూ తాళం వెయ్యలేదు.

దర్జీ కొట్టు మీద రెండు గదుల్లో ఆవిడ కాపురం. కాపురమంటే ఒంటి మనిషి కాపురమే. వెనక గదిలో ఒక మంచం, ఒక పొయ్యి, ఒక కంచం. ముందు గదిలో బల్ల, బల్లకి బిగించిన భూతద్దం దీపం, అగ్గిపుల్లంత సన్నటి స్క్రూడ్రైవర్లు. చుట్టుపక్కల వాళ్ళు పాడైన రేడియోలూ, టేపు రికార్డర్లూ, గోడ గడియారాలూ తెచ్చి ఇస్తారు. తెచ్చేటప్పుడు రెండు మాటలు, పట్టుకెళ్ళేటప్పుడు రెండు మాటలు. రోజుకి నాలుగు మాటలకి మించి ఆవిడ నోటికి పని ఉండదు. కింద దర్జీకి ఆ కొరత లేదు. "పైన మాట వినపడిందంటే ఎర్రమ్మగారికి చుట్టాలొచ్చారని కాదండోయ్, ఏదో రేడియో బాగైందని" అని వచ్చినవాళ్ళతో నవ్వుతుంటాడు. ఆ మాట ఆవిడ ఒకసారి మెట్ల మీద ఉండగా విన్నది. కోపం రాలేదు. నిజమే కదా అనుకుంది. ఆ రోజు బాగైన రేడియోని మాత్రం సొంతదారు వచ్చేదాకా ఆపకుండా మోగనిచ్చింది.

ఒక సోమవారం పొద్దున, ముప్ఫై ఎనిమిదేళ్ళ మనిషి ఒకావిడ పాత దుప్పటిలో ఏదో బరువు చుట్టుకుని, ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది.

"ఎర్రమ్మగారంటే మీరేనా?"

"నేనేనమ్మా. ఆ బల్ల మీద దింపు."

ఆవిడ దింపింది. చెమట తుడుచుకుంది. కాస్త మొహమాటంగా నవ్వి, "అమ్మ మిమ్మల్ని పిన్నీ అని పిలవమంది. పిలవొచ్చా?" అంది.

ఎర్రమ్మని పిన్నీ అని పిలిచిన మనిషి ఈ లోకంలో ఒక్కతే. ఆరేళ్ళ పిల్ల, రెండు జడలు, ముందు పళ్ళు రెండూ ఊడి, సాయంత్రం తల్లి కోసం ఫ్యాక్టరీ గేటు దగ్గర గెంతుతూ ఉండేది. ఎర్రమ్మ ఎదుటి మనిషి మొహంలో ఆ పిల్లని వెతికి పట్టుకుంది.

"మీ అమ్మ..."

"పచ్చమ్మ అంటే మీకు తెలుస్తుందంది."

తెలియకేం. ఆవిడ ఉండేది ఇక్కడికి నాలుగు బస్టాపుల దూరంలో అనీ తెలుసు, మూడో అంతస్తు అనీ తెలుసు. తెలుసు కాబట్టే ఎర్రమ్మ ముప్ఫై రెండేళ్ళుగా ఆ బస్సు ఎక్కడం మానేసి, బజారుకి చుట్టుదారిన పోతోంది.

కూతురు దుప్పటి విప్పింది. లోపల నల్లటి సీడీ ప్లేయరు. ఎర్రమ్మ ఉద్యోగం చేసిన ఫ్యాక్టరీదే.

"అమ్మకి మోకాళ్ళు పోయాయి పిన్నీ. మూడంతస్తులు దిగలేకపోతోంది. మా ఊరు తీసుకెళ్ళిపోతున్నాం. శనివారం లారీ వస్తుంది. ఇది ఎప్పుడూ మా ఇంట్లోనే ఉండేది, దీని మీద ఫోను పెట్టుకునేవాళ్ళం. నాకు తెలిసి ఒక్కసారి కూడా తిరగలేదు. పాత సామాన్లవాడికి ఇచ్చేద్దామంటే అమ్మ ఇంతెత్తున లేచింది. 'మీ పిన్ని దగ్గరికి తీసుకెళ్ళు. ఆవిడ చెయ్యి పడిన సెట్టు, ఆవిడ చేత్తోనే బాగవ్వాలి' అంది. అదేం మాటో నాకైతే అర్థం కాలేదు."

ఎర్రమ్మకి అర్థమైంది. "చూస్తాలే అమ్మా" అని మాత్రం అనగలిగింది.

"లోపల డిస్కు కూడా ఉందట. ట్రే బయటికి రాదు. శుక్రవారం సాయంత్రం నేనొచ్చి పట్టుకెళ్తాను" అని ఆ అమ్మాయి వెళ్ళిపోయింది. మెట్ల మీద అడుగుల చప్పుడు ఆగిపోయాక కూడా ఎర్రమ్మ ఆ సెట్టుని ముట్టుకోకుండా, దానికి ఎదురుగా కూర్చుండిపోయింది.

ఆ సెట్టు సంగతి తెలియాలంటే ఫ్యాక్టరీ దాకా వెళ్ళి రావాలి.

పొడవాటి హాలు, నలభై మంది ఆడవాళ్ళు, ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి జరిగిపోయే సెట్లు. చిట్టచివరి బల్ల దగ్గర రెండు స్టూళ్ళు. ఎడమ స్టూలు మీద ఎర్రమ్మ, కుడి స్టూలు మీద పచ్చమ్మ. వీళ్ళ పని, సెట్టులో పరీక్ష డిస్కు పెట్టి, తెర మీద గీత చూస్తూ, ప్రీసెట్ అనే శనగగింజంత భాగం నడుమ ఉన్న మరని వెంట్రుకవాసి తిప్పడం. గీత నిలబడ్డాక డిస్కు మీది వయొలిన్ పాట ఇరవై సెకన్లు వినడం. గరగర లేకపోతే ఆపేసి, ఆ మర కదలకుండా దాని మీద ఒక చుక్క రంగు పెట్టడం. ఆ చుక్కకి ఇంకో పని కూడా ఉంది. రేపు సెట్టు పాడైతే ఎవరి చెయ్యి పడిందో చెబుతుంది. ఎడమ స్టూలుది ఎర్ర సీసా, కుడి స్టూలుది పచ్చ సీసా. ఒకరి రంగు ఒకరు ముట్టకూడదని గోడ మీద రాసి ఉండేది. సూపర్వైజరుకి పేర్లు గుర్తుపెట్టుకునే ఓపిక లేక సీసాల రంగులతోనే పిలిచాడు. ఎర్రమ్మ, పచ్చమ్మ అన్న పేర్లు స్థిరపడిపోయాయి.

పచ్చమ్మ రెండేళ్ళు పెద్దది. చుట్టరికం లేకపోయినా ఎర్రమ్మకి అక్క. ఎర్రమ్మ నోట్లో నాలుక లేని మనిషి, పచ్చమ్మకి ఇద్దరికి సరిపడా ఉంది. రోజుకి నూట యాభై సెట్లు. అంటే ఆ వయొలిన్ రోజుకి నూట యాభై సార్లు మొదలై, సరిగ్గా ఒక మలుపు తిరగబోతుండగా ఆగిపోయేది. ఎనిమిదేళ్ళు విన్నారు, ఆ మలుపు దాటి ఒక్కనాడూ వినలేదు. సెట్టు వెనక సెట్టు వచ్చి పడుతుంటే వినే తీరికెక్కడిది?

"తర్వాత ఏమవుతుందంటావక్కా?"

"ఏముంది, ఆ వాయించేవాడు కూడా టీకి లేచి పోతాడు."

"కాదే, నిజంగా."

"ఒకరోజు పూర్తిగా విందాంలే. ఇద్దరం కూర్చుని, కాళ్ళు చాపుకుని. అప్పటిదాకా నువ్వు దొంగతనంగా వినకు, నేనూ వినను."

ఇలా ఉండగా ఒకనాడు మధ్యాహ్నం ఎర్రమ్మ సీసా అడుగంటింది. స్టోరువాడు రేపటిదాకా ఇవ్వనన్నాడు. పనాగితే సూపర్వైజరు తిడతాడని ఎర్రమ్మ బిక్కమొహం వేసింది. పచ్చమ్మ అటూ ఇటూ చూసి, తన సీసాలోంచి కాస్త ఎర్రమ్మ ఖాళీ సీసాలోకి వంచింది. "పెట్టెయ్. చుక్కకి నోరుందా, చెబుతుందా?" అంది.

ఆ కాస్త రంగు సాయంత్రం దాకా రాదని ఎర్రమ్మ దాన్లో థిన్నరు కలిపింది. ఎవరినీ అడగలేదు. నీళ్ళలా పలచబడింది. చుక్కలు పైకి బాగానే కనిపించాయి. ఆ రోజు పరీక్షలో సెట్లన్నీ పాసయ్యాయి. కానీ పలచటి రంగు మర పక్కనుంచి ప్రీసెట్ లోపలికి జారి, అక్కడ పొరగా గట్టిపడింది. రెండు నెలలకి, తిరగడం మానేసిన నలభై ఒక్క సెట్లు షాపుల నుంచి వెనక్కి వచ్చాయి. నలభై ఒకటి మీదా పచ్చ చుక్క.

మేనేజరు ఒక సెట్టు తెచ్చి బల్ల మీద పడేసి, హాలంతా వినపడేలా, "ఇది ఎవరి రంగు?" అన్నాడు.

"నాదే" అంది పచ్చమ్మ. రంగు తనదే కదా. ఆ తర్వాత ఆవిడ వంగి ఆ చుక్కని చూసింది. తల తిప్పి ఎర్రమ్మని చూసింది. ఒక్క క్షణం అంతే.

ఎర్రమ్మ తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని, ముందున్న సెట్టులోకి తల దించేసింది. భయం. దానికి ఇంకో పేరు లేదు. ఇంట్లో మంచాన పడ్డ అమ్మ ఉందన్న మాట నిజమే గానీ, ఆ నిమిషంలో గుర్తొచ్చింది అమ్మ కాదు, మేనేజరు గొంతు. భోజనాల వేళ చెబుదామనుకుంది. భోజనాలయ్యాక సాయంత్రం చెబుదామనుకుంది. సాయంత్రానికి పచ్చమ్మని పనిలోంచి తీసేశారు. పుణ్యానికి పోతే పాపం ఎదురవడమంటే అదే.

ఆ తర్వాత ఎర్రమ్మ ఒక ఊరట అల్లుకుంది. 'అక్క ఎన్నోసార్లు ఎన్నో ఇచ్చింది, ఆ సీసా సంగతి మరిచిపోయి ఉంటుంది. తెలిస్తే ఊరుకునేదా? అడిగేది కదా.' ఫ్యాక్టరీ ఇంకో ఆరేళ్ళు నడిచింది. కుడి స్టూలు మీదికి ముగ్గురు వచ్చారు, ముగ్గురు పోయారు. ఎర్రమ్మ ఒక్కరితోనూ మాట కలపలేదు. అమ్మ పోయాక ఇంట్లో మాట్లాడే అవసరమూ తీరిపోయింది. తనతో ఎవరైనా మంచిగా ఉంటే ఆవిడకి భయం వేసేది. వీళ్ళకి తెలిస్తే ఏమంటారో అని దూరం జరిగేది. అలా జరిగి జరిగి ఈ రెండు గదుల్లో వచ్చి పడింది.

ఆ ఊరట ఈ సోమవారంతో చెల్లిపోయింది. అక్కకి తెలుసు.

మధ్యాహ్నం దాటాక లేచి, నాలుగు మరలూ తీసి పై మూత ఎత్తింది. పచ్చ చుక్క ఎక్కడుంటుందో చీకట్లో అడిగినా చెప్పగలదు. అటు చూడలేదు. ముందు ట్రే సంగతి చూసింది. రబ్బరు బెల్టు జిగురైపోయి కప్పీకి అంటుకుపోయింది. గీకి, స్పిరిటుతో తుడిచి, డబ్బాలోంచి కొత్త బెల్టు వేసింది. ట్రే కిర్రుమంటూ బయటికి వచ్చింది. దాని మీద వెండిరంగు డిస్కు, నడుమ '2' అని ముద్ర. కుడి స్టూలు పరీక్ష డిస్కు. గేటు దాటి బయటికి పోకూడనిది, పచ్చమ్మ సంచిలో ఎలాగో ఇంటికి చేరింది. విందామనుకున్న పాటని పాడనే పాడని సెట్టులో పెట్టి, ముప్ఫై రెండేళ్ళు మూసి ఉంచింది.

మంగళవారం కటకం తుడిచింది. కటకం నడిచే పట్టాల మీద గ్రీజు గట్టిపడి గోధుమరంగు బంకలా ఉంటే దాన్ని తీసి కొత్తది రాసింది. డిస్కు పెట్టి బటను నొక్కింది. కటకం పైకి లేచింది, దిగింది. మళ్ళీ లేచింది, దిగింది. మూడోసారి లేచి, అలసిపోయినట్టు ఆగింది. డిస్కు కదల్లేదు. డిస్కు లేదని తెర మీద అక్షరాలు వెలిగాయి.

చెడిపోయిన టేబుల్ ఫ్యాను గురించి అడగడానికి వచ్చిన దర్జీ తలుపు దగ్గర నిలబడి తమాషా చూశాడు.

"మోటరు పోయినట్టుందమ్మా. వేలితో ఒక తిప్పు తిప్పండి, అందుకుంటుంది."

"మీ కుట్టు మిషను కాదు ఇది" అంది ఎర్రమ్మ. "మోటరు బాగానే ఉంది. ముందు కటకానికి డిస్కు కనపడాలి. కనపడితేనే మోటరుకి తిరగమని చెబుతుంది. కనపడకపోతే డిస్కు ఎదురుగా ఉన్నా లేనట్టే."

"అంటే చూపు పోయిందన్నమాట."

"చూపు పోలేదు. చూపు నిలిపే చోట అడ్డం పడింది."

ఇన్ని మాటలు ఆవిడ నోటి నుంచి ఒకేసారి రావడం దర్జీ ఎప్పుడూ చూళ్ళేదు. ఫ్యాను సంగతి మరిచిపోయి దిగి వెళ్ళిపోయాడు.

బుధవారం చెయ్యడానికి ఇంకేం మిగల్లేదు. తుడవాల్సినవన్నీ తుడిచింది, రాయాల్సినవన్నీ రాసింది, మార్చక్కర్లేని తీగ కూడా ఒకటి మార్చింది. నిజానికి సెట్టు దించిన నిమిషంలోనే రోగం ఎక్కడుందో ఆవిడకి తెలుసు. ఇక తప్పక దీపం దగ్గరికి లాగి, భూతద్దంలోంచి చూసింది.

పచ్చ చుక్క. పలచగా, అంచులు జారి. కుంచె ఎత్తినప్పుడు మిగిలే చిన్న తోక ఒకటి ఎడమవైపుకి సాగి ఉంది.

ఎర్రమ్మది ఎడమచేతి వాటం. ఆవిడ చుక్కల తోకలన్నీ ఎడమకే పోతాయి, పచ్చమ్మవి కుడికి. సూపర్వైజరుకి తెలియదు, మేనేజరుకి తెలియదు, గోడ మీద రాసినవాడికీ తెలియదు. ఎనిమిదేళ్ళు పక్క స్టూలు మీద కూర్చున్న మనిషికి మాత్రం తెలుస్తుంది. ఆ రోజు అక్క వంగి చూసింది ఈ తోకనే. చూసే తల తిప్పింది. ఆ నలభై ఒకటిలోంచి ఒకటి అడిగి తీసుకెళ్ళి, ఫోను కింద పెట్టుకుంది.

ఎర్రమ్మ దీపం ఆర్పి, పట్టపగలు మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. ఏడ్చింది. పక్కన మనిషి లేని ఇంట్లో ఏడుపుకి కూడా అడ్డు చెప్పేవాళ్ళుండరు. చాలాసేపు ఏడ్చింది.

గురువారం ఆ ప్రీసెట్‌ని ఊడదీసి, కొత్తది అతికింది. ఫ్యాక్టరీలో ఉన్న తెర ఇక్కడ లేదు. మీటరు ముల్లు చూస్తూ, కటకం చప్పుడు వింటూ, వెంట్రుకవాసి, దాన్లో సగం తిప్పింది. కటకం లేచింది. ఈసారి దిగలేదు. డిస్కు ఒక్క కుదుపుతో కదిలి, తిరిగి, వేగం అందుకుంది. హెడ్‌ఫోనులో వయొలిన్ మొదలైంది. ఎర్రమ్మ కళ్ళు మూసుకుంది. మలుపు దగ్గరికి వచ్చేసరికి పాట ఆగిపోయింది.

మళ్ళీ పాడైందా అని ఉలిక్కిపడి చూస్తే, తన వేలు ఆపే బటను మీద ఉంది. తనే ఆపింది. ఇరవై సెకన్లు.

మళ్ళీ పెడితే మిగతాది వినొచ్చు. గదిలో ఎవరూ లేరు, సూపర్వైజరు లేడు, వెనక సెట్టు లేదు. వేలు బటను దాకా వెళ్ళింది. 'దొంగతనంగా వినకు' అన్న మాట గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకుంది. అక్కకిచ్చి తను నిలబెట్టుకున్న మాట అదొక్కటే మిగిలింది.

ఇక చుక్క పెట్టాలి. ఆ రంగు ఇప్పుడు ఎక్కడా దొరకదు. గోళ్ళ రంగు సరిపోతుంది. వీధి చివర గాజుల కొట్టుకి వెళ్ళింది. కొట్టులో పిల్ల డబ్బా తెరిచి చూపించింది. ఎరుపు ఉంది. ఇప్పటి సరదాలు కదా, ఆకుపచ్చా ఉంది.

"ఎవరికండీ, మనవరాలికా?"

"మిషనుకి" అంది ఎర్రమ్మ. ఆ పిల్ల పకపకా నవ్వింది.

ఎర్రమ్మ రెండు సీసాలూ చేతిలో పట్టుకుని నిలబడింది. పచ్చది పెడితే సెట్టు ఎలా ఉండేదో అలాగే ఉంటుంది. రేపు సాయంత్రం ఆ అమ్మాయి వస్తుంది, పట్టుకెళ్తుంది, ఎల్లుండి లారీ కదులుతుంది. ఎవరూ ఎవరి మొహమూ చూడక్కర్లేదు. ఎర్రది పెడితే మాత్రం మళ్ళీ తల దించుకుని కూర్చోడానికి ఉండదు. పచ్చ సీసా తిరిగి డబ్బాలో పెట్టేసింది.

శుక్రవారం సాయంత్రం దాకా ఆగలేదు. ఆగితే ధైర్యం ఆగదని ఆవిడకి తన సంగతి తెలుసు. పొద్దున్నే సెట్టుని అదే దుప్పటిలో చుట్టి, రెండు హెడ్‌ఫోన్లూ, రెంటినీ కలిపేలా రాత్రే అతుకులేసిన తీగా సంచిలో పడేసుకుని, ముప్ఫై రెండేళ్ళుగా ఎక్కని బస్సెక్కింది. నాలుగు స్టాపులు. పావుగంట కూడా పట్టలేదు. ఇంతేనా దూరం అనుకుంది. రేపటి నుంచి ఈ దారిన రావడానికి భయం ఉండదు, వస్తే చూడ్డానికి మనిషీ ఉండదు. అది తలుచుకునేసరికి మూడంతస్తుల మెట్లు ఆరంతస్తులయ్యాయి.

తలుపు తీసే ఉంది. గది నిండా అట్టపెట్టెలు. నడుమ కుర్చీలో పచ్చమ్మ. జుట్టు తెల్లబడింది, ఒళ్ళు వచ్చింది. కళ్ళు మాత్రం అవే.

"నువ్వొచ్చావా" అంది. "అమ్మాయిని పంపిస్తానన్నాగా."

"నేనే తెద్దామని, అక్కా."

పచ్చమ్మ కళ్ళు సెట్టు మీదే ఉన్నాయి. "మూత తియ్యి" అంది.

ఒక పెట్టె మీద సెట్టు దించి, ఎర్రమ్మ మూత తీసింది. పచ్చమ్మ కళ్ళజోడు సవరించుకుని వంగింది. ఆనాడు వంగినట్టే. చూసింది. ఎర్ర చుక్క. తోక ఎడమకి.

"ఆ నలభై ఒకటీ నావే అక్కా" అంది ఎర్రమ్మ. మూడంతస్తుల ఆయాసం ఇంకా తగ్గలేదు. "నువ్విచ్చిన రంగులో థిన్నరు కలిపాను. నీకు చెప్పలేదు. వాళ్ళు అడిగినప్పుడూ చెప్పలేదు. భయమేసింది. అంతకన్నా ఏమీ లేదు."

"తెలుసు."

"తిట్టు."

"ఇప్పుడెందుకు తిట్టడం? ఓపికెక్కడిది?" పచ్చమ్మ కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడిచింది. "అప్పుడు తిడదామనే ఉన్నాను. సాయంత్రం గంట కొట్టాక, పిల్ల చెయ్యి పట్టుకుని గేటు దగ్గరే నిలబడ్డాను. వస్తావు, ఏడుస్తావు, నాలుగు తిట్టి ఇంటికి తీసుకెళ్దామని. చీకటి పడేదాకా చూశాను. నువ్వు వెనక గేటు నుంచి పోయావని మర్నాడు వాచ్‌మన్ చెప్పాడు."

వెనక గేటు నుంచి పోయిన మాట నిజం.

"నువ్వెందుకు చెప్పలేదక్కా, వాళ్ళకి? సీసా ఇచ్చానని ఒక్క మాట అంటే..."

"అది చెప్పాల్సింది నేనా?"

కింద వీధిలో ఎవరో బండి స్టార్టు చేయలేక తంటాలు పడుతున్నారు.

"ఉద్యోగం పోయినందుకు కాదే" అంది పచ్చమ్మ. "ఉద్యోగానికేం, ఆర్నెల్లు తిరక్కుండా ఇంకోటి దొరికింది. దాని తర్వాత మరోటి. పక్క స్టూలు మీద మనిషే మళ్ళీ దొరకలేదు."

ఎర్రమ్మ ఇన్నేళ్ళూ ఆ ఒంటరితనం తనకి పడిన శిక్ష అనుకుంది, అందుకే కిక్కురుమనకుండా భరించింది. అందులో సగం ఇంకొకరి నెత్తిన పెట్టానని ఆ నిమిషం దాకా ఆవిడకి తోచనే లేదు. పక్కనున్న పెట్టె మీద కూర్చుంది.

"అటు కాదు, ఎడమవైపు" అంది పచ్చమ్మ.

ఎర్రమ్మ లేచి, ఎడమవైపు పెట్టె మీదికి మారింది. సెట్టు ఇద్దరి మధ్యకీ వచ్చింది. తీగ కలిపి, ఒక హెడ్‌ఫోను అక్కకి ఇచ్చి, ఒకటి తను పెట్టుకుంది. బటను నొక్కింది. కటకం లేచింది, డిస్కు కదిలింది. పచ్చమ్మ ఆ తిరుగుడు వైపే చూస్తోంది. తన ఇంట్లో అది తిరగడం ఆవిడ చూడడం ఇదే మొదలు.

వయొలిన్ మొదలైంది. అదే ఎత్తుగడ, అదే జారు, అదే మలుపు ముందు ఊపిరి. ఇరవయ్యో సెకను దగ్గర ఈవిడ ఎడమచెయ్యి, ఆవిడ కుడిచెయ్యి ఒక్కసారే ఆపే బటను మీదికి పోయి, వేళ్ళు ఒకదానికొకటి తగిలాయి. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పచ్చమ్మ ఆ చేతిని పట్టుకుని, బటను మీద నుంచి తీసి, తన ఒళ్ళో పెట్టుకుంది. మలుపు దాటింది పాట.

కూతురు తాడుచుట్ట పట్టుకుని లోపలికి వచ్చి, "అమ్మా, దీన్ని ఏ పెట్టెలో సర్దను?" అని అడిగింది. రెండుసార్లు అడిగింది. ఇద్దరి చెవుల మీదా హెడ్‌ఫోన్లున్నాయి, ఎవరికీ వినపడలేదు.